బియ్యం మూట మీద నేర్చుకునే వైద్యం

చైనా సంప్రదాయ మర్దన వైద్యం ‘త్వేనా’ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదట్లో రోగిని అప్పగించరు. ముందు ఒక బియ్యం మూటో ఇసుక సంచో పెట్టి, దాని మీద చెయ్యి తిరిగేదాకా సాధన చేయిస్తారు.

‘త్వే’ అంటే నెట్టడం, ‘నా’ అంటే పట్టుకోవడం. మింగ్ వంశం కాలంలో, పిల్లల వైద్యంతో ముడిపడి ఈ పేరు వాడుకలోకొచ్చింది. అంతకుముందు ‘ఆన్‌మో’ అనేవారు. టాంగ్ రాజుల కాలంలోనే ప్రభుత్వ వైద్య సంస్థలో దానికి ప్రత్యేక విభాగం ఉండేది.

మసాజ్ అనగానే మనకు నూనె గిన్నె గుర్తొస్తుంది. త్వేనాలో పెద్దవాళ్లకు చాలావరకు నూనె వాడరు, బట్టల మీదే చేస్తారు. ముఖ్యంగా ‘గున్‌ఫా’లో చెయ్యి జారిందంటే పని చెడినట్టే. గున్‌ఫా అంటే దొర్లించే పద్ధతి. 1940లలో షాంఘైలో డింగ్ జీఫెంగ్ అనే వైద్యుడు దీన్ని రూపొందించాడు. పిడికిలిని వదులుగా సగం మూసి, చిటికెన వేలి వైపు చేతి వెనక భాగాన్ని కండ మీద ఆనించాలి. మణికట్టును వంచుతూ చాపుతూ, ముంజేతిని అటూ ఇటూ తిప్పుతుంటే చెయ్యి అప్పడాల కర్రలా ముందుకీ వెనక్కీ దొర్లుతుంది, కానీ ఉన్న చోటు వదలదు. నిమిషానికి 120 నుంచి 160 సార్లు! మీ తొడ మీదే ఓసారి ప్రయత్నించి చూడండి. కాసేపటికే లయ తప్పుతుంది, భుజం బిగుసుకుంటుంది. బియ్యం మూట ఎందుకో అప్పుడర్థమవుతుంది.

ఎక్కువసేపు ఆగకుండా చేయగలగాలి, బలం ఉండాలి, ఒత్తిడి ఒకే తీరుగా పడాలి, మెత్తగా తగలాలి. ఈ నాలుగూ కుదిరితేనే ఒత్తిడి లోతుకు దిగుతుందని గురువులు చెబుతారు. మొరటుగా నొక్కితే కండ ఎదురు తిరిగి ఇంకా బిగుసుకుంటుంది.

ఇక సిద్ధాంతం సంగతి. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి నాళాల్లో ప్రవహిస్తుందని, అది అడ్డుపడితే నొప్పి వస్తుందని సంప్రదాయం అంటుంది. శరీరాన్ని కోసి చూసిన శాస్త్రానికి ఆ నాళాలు దొరకలేదు. ఉపశమనానికి వేరే వివరణ ఉంది. మోకాలు దేనికైనా కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నాళాల లెక్క తప్పినా, తరాల సాధనతో పదునెక్కిన ఆ చేతి నేర్పు మాత్రం నిజమేనని నాకనిపిస్తుంది.

అందరికీ ఇది పనికిరాదు. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయించుకోకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే ‘హగు’ బిందువును గర్భిణులకు నొక్కకూడదన్నది సంప్రదాయంలోనే ఉన్న నిషేధం.