పైన తారు, కింద చెరువు మట్టి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువుల ఆయకట్టు మీదుగా పోయే రోడ్లు వేసిన ఏడాది బాగానే ఉంటాయి. రెండో వానాకాలానికి చక్రాలు నడిచే చోట గాడులు పడతాయి. తర్వాత తారు బిళ్లలు బిళ్లలుగా పగులుతుంది. లారీ వెళ్లినప్పుడల్లా ఆ పగుళ్లలోంచి బూడిదరంగు బురద చిమ్ముతుంది. జనం కాంట్రాక్టరును తిట్టుకుంటారు. కొన్నిసార్లు అది న్యాయమే. కానీ ఆ బురద తారులో పుట్టింది కాదు, కింద నుంచి వచ్చింది.

ఈ రెండు జిల్లాల పడమటి భాగం చాలావరకు ఎర్రనేల, రాతిగుట్టలు. అక్కడ నేల గట్టిది. చిక్కంతా పల్లంలోనే: తరాలుగా చెరువుల్లోకి కొట్టుకొచ్చిన ఒండ్రు, ఏటా నీళ్లు నిలిచే మాగాణి బంకమన్ను. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. వాటితోపాటు పులికాట్ సరస్సు అంచున ఉన్న మెత్తటి బంకమన్ను కూడా ఈ జిల్లా లెక్కలోకి వచ్చింది.

ఇన్నాళ్లూ ఇక్కడ తెలిసిన మందు ఒక్కటే. మెత్తటి మట్టి తీసి పారేయడం, గరుసు తోలి రోలర్ తిప్పడం. గుట్టలు దగ్గర, గరుసు చవక కావడంతో మరో దారి వెతకాల్సిన అవసరం పెద్దగా రాలేదు. సున్నమో సిమెంటో కలిపి ఉన్న మట్టికే బలం పోసే పద్ధతి ఇక్కడ వెనకబడిపోవడానికి తెలియకపోవడం కన్నా ఈ చవకే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. గుట్టలు తరిగి, గరుసు దూరం నుంచి తోలాల్సి వస్తే లెక్క మారుతుంది. తవ్వి తీసిన బురదను ఎక్కడ పోయాలన్నది మరో తలనొప్పి.

పద్ధతి మాత్రం కొత్తది కాదు. 1915లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సరసోటాలో ఒక వీధికి గుల్లలు, ఇసుక, సిమెంటు కలిపి నాగలితో దున్ని, రోలర్‌తో తొక్కించారు. 1935లో దక్షిణ కరోలినాలో ప్రయోగశాల పరీక్షల ఆధారంగా మట్టి-సిమెంటు రోడ్డు వేశారు. మన దేశంలో రోడ్ల అభివృద్ధిపై 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ సిఫార్సుల ఫలితంగా, రోడ్ల పనులకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లో పుట్టింది. మట్టిలో సున్నం కలపడానికి, సిమెంటు కలపడానికి అది ఎప్పుడో మార్గదర్శకాలు ఇచ్చింది. సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద)లతో మట్టిని బలపరచడంపై 2010లో మరొకటి వెలువడింది. కాగితం మీద ఇంత ఉండి కూడా మన పల్లెరోడ్ల అంచనాల్లో గరుసుదే పెద్ద పద్దు.

ఇదంతా పైపొర సంగతి. మెత్తటి మట్టి చాలా లోతు ఉంటే పైన అరమీటరు గట్టిపరిచి లాభం లేదు. 1967లో జపాన్, స్వీడన్ దేశాలు విడివిడిగా ఒకే ఆలోచన చేశాయి: మట్టిని తవ్వకుండా, తిరిగే రెక్కలున్న కడ్డీని లోపలికి దించి సున్నం కలుపుతూ పైకి లాగడం. అక్కడ నిలువు స్తంభం తయారవుతుంది. 1970ల మధ్యకు అది క్షేత్రానికి చేరింది, జపాన్‌లో సిమెంటు వాడకమూ మొదలైంది. క్యూబిక్ మీటరు మట్టికి సుమారు 100 నుంచి 300 కిలోల సిమెంటు పడుతుంది. ఆయకట్టు రోడ్డుకు ఇంత ఖర్చు దండగ. పులికాట్ వైపు ఎత్తైన కట్ట పోసేటప్పుడు, వంతెన అప్రోచ్‌ల దగ్గర, పాత రహదారిని వెడల్పు చేసే చోట ఆలోచించవచ్చు. పాత కట్ట ఏళ్ల బరువుకు దిగి స్థిరపడి ఉంటుంది. పక్కన పోసిన కొత్త కట్ట ఇంకా దిగుతూనే ఉంటుంది. రెంటి మధ్య రోడ్డు పొడుగునా చీలిక కనిపించేది అందుకే.

పైపొరలో బంకమన్నుకు సాధారణంగా బరువులో 3 నుంచి 8 శాతం సున్నం చాలు. నీళ్లు తగలని కాల్చిన సున్నమైతే మట్టిలోని నీటిని పీల్చి వేడెక్కుతుంది. చేతికి అంటుకునే జిగట మట్టి కొన్ని గంటల్లో పొడిపొడిగా రాలుతుంది. అసలు బలం ఆ తర్వాత వారాలు, నెలల మీద వస్తుంది. ఇసుక పాలు ఎక్కువైతే సిమెంటు మేలు. సరిగా కలిసిందో లేదో చూడటానికి చిన్న గొయ్యి తీసి గోడ మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. సున్నం చేరినంత మేరా గులాబీ రంగు తేలుతుంది. చేరని గడ్డలు మట్టిరంగులోనే మిగులుతాయి. ఆ గడ్డల దగ్గరే రేపు రోడ్డు కుంగుతుంది.

అయితే ఏ మట్టికైనా సున్నం పనికొస్తుందనుకుంటే పొరపాటే. లాస్ వేగస్‌లోని స్టీవార్ట్ అవెన్యూ కింద మట్టికి సున్నం కలిపితే కొన్నాళ్లకు రోడ్డు ఉబ్బిపోయింది. మట్టిలోని సల్ఫేట్లు సున్నంతో కలిసి, నీరు తగలగానే పెరిగే స్ఫటికాలుగా మారాయి. కుళ్లిన ఆకు, వేరు ఎక్కువున్న చెరువు మట్టిలో సిమెంటు సరిగా గట్టిపడదు. చెరువు మట్టి, ఉప్పునీటి అంచు రెండూ ఉన్నచోట మట్టిలో సల్ఫేట్లు ఎంత, కుళ్లిన పదార్థం ఎంత అనే ఈ రెండు పరీక్షలూ ముందే చేయాలి.

2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట లీకై దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వరద తర్వాత గండ్లు పూడ్చి రాకపోకలు నడిపించడానికి గరుసు తోలక తప్పదు, అందులో తప్పుపట్టాల్సిందీ లేదు. శాశ్వత మరమ్మతు అంచనా వేసేటప్పుడైనా మట్టి నమూనా తీసి, దానికి ఎంత సున్నమో ఎంత సిమెంటో కలిపి, దిమ్మలు చేసి, 28 రోజుల తర్వాత బలం చూడాలి. పక్క కాలువకు కూడా ఆ అంచనాలోనే పద్దు రాయాలి, ఎందుకంటే నీళ్లు నిలిచే చోట కలిపిన మట్టి కూడా ఎక్కువ కాలం ఆగదు.