బ్రేటన్ చేసిన రెండు సిలిండర్ల ఇంజిన్

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. సెలవులకి వచ్చినప్పుడు రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్‌ని చూసి "ఒకటి చాలదా, రెండెందుకు?" అని అడిగారు కదా. ఆ బండి విషయంలో జవాబు చిన్నదే. రెండు సిలిండర్లూ ఒకే పనిని వంతులు వేసుకుని చేస్తాయి. బలం పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. కానీ 150 ఏళ్ల కిందట అమెరికాలో ఒకాయన చేసిన గ్యాస్ ఇంజిన్‌కీ రెండు సిలిండర్లే ఉండేవి. వాటిలో ఒకటి చేసే పని రెండోది చేసేది కాదు. మీ ప్రశ్నకి అసలైన మజా ఆ ఇంజిన్‌లో ఉంది కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ఆయన పేరు జార్జ్ బ్రేటన్. 1830లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో పుట్టాడు. ఆవిరి యంత్రాల పనిలో చేయి తిరిగిన మనిషి. 1872లో తన గ్యాస్ ఇంజిన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. దానికి "రెడీ మోటార్" అని పేరు పెట్టి అమ్మాడు. పేరులోనే వ్యాపారం ఉంది చూడండి. ఆవిరి యంత్రం నడవాలంటే ముందు బాయిలర్ కింద మంట పెట్టి, నీళ్లు మరిగి, ఆవిరి పుట్టేదాకా కూర్చోవాలి. బాయిలర్ పేలితే ప్రాణాలు పోతాయన్న భయం ఒకటి. ఆ బాధలేవీ లేకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు నడిచే యంత్రం అని ఆయన ఉద్దేశం.

సిలిండర్ అనగానే మీకు వంటింట్లో గ్యాస్ బండ గుర్తొస్తుందేమో, అది కాదు. ఒక వైపు మూసి ఉన్న గట్టి ఇనుప గొట్టం, దాని లోపల బిగుతుగా జరిగే పిస్టన్. ఇక గ్యాస్ అంటే ఆ రోజుల్లో బొగ్గును గాలి తగలకుండా బాగా వేడి చేసి తీసే గ్యాస్. వీధి దీపాలకీ, ఇళ్లలో దీపాలకీ పెద్ద పట్నాల్లో గొట్టాల ద్వారా అదే వచ్చేది. అంటే ఇంధనం పంపిణీ అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని వాడుకునే మంచి ఇంజినే లేదు.

మంచిది అని ఎందుకన్నానంటే, ఒకటి ఉండేది. 1860లో పారిస్‌లో లెన్వార్ అనే ఆయన గ్యాస్ ఇంజిన్ చేసి అమ్మాడు. కానీ అది గాలినీ గ్యాస్‌నూ పీల్చుకుని, ఉన్నవాటిని ఉన్నట్టే అంటించేసేది. ముందుగా నొక్కి పెట్టడం అన్నది లేదు. అందువల్ల గ్యాస్ విపరీతంగా తాగేది, పని మాత్రం కొంచెమే చేసేది. మండించబోయేదాన్ని ముందు బాగా నొక్కాలి అన్న సంగతి ఇంజిన్ల చరిత్రలో పెద్ద మలుపు. బ్రేటన్ ఇంజిన్ ఆ మలుపులో నిలబడిన తొలి యంత్రాల్లో ఒకటి.

మరి నొక్కడం ఎక్కడ, మండించడం ఎక్కడ? ఒకే చోట రెండూ చేయడం కష్టమనిపించింది కాబోలు, బ్రేటన్ పనిని పంచాడు. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడు ఒకడు, సుత్తి వేసేవాడు ఇంకొకడు ఉంటారే, అలా. మొదటి సిలిండర్ ఒట్టి పంపు. దాని పిస్టన్ వెనక్కి వెళ్తూ గాలినీ గ్యాస్‌నూ కలిపి పీల్చుకుంటుంది, ముందుకు వస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కి ఒక నిల్వ ట్యాంకులోకి తోస్తుంది. ట్యాంకులో ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 60 పౌండ్లు. అసలు పని చేసేది రెండో సిలిండర్. ట్యాంకులోంచి వచ్చే మిశ్రమం అందులో మండి, పిస్టన్‌ని తోసి, ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసే మళ్లీ పంపును కూడా నడుపుతుంది.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు నన్ను పట్టుకుంటారు: "పంపును నడిపేది కూడా ఆ ఇంజినే అయితే, ఇచ్చిందంతా పంపే తినేయదా? మిగిలేదేముంది?" చాలా మంచి అనుమానం. మండించకపోతే నిజంగానే ఏమీ మిగలదు. ఒక బ్రేటన్ ఇంజిన్ కొలతలు చెప్తాను, చూడండి. రెండు సిలిండర్ల వెడల్పూ 8 అంగుళాలే. పంపు పిస్టన్ నడిచే దూరం 6 అంగుళాలు, పని పిస్టన్ నడిచే దూరం 12 అంగుళాలు. ట్యాంకులోకి తోసేటప్పుడు పంపు పిస్టన్ 60 పౌండ్ల ఒత్తిడికి ఎదురీదాలి. అవతల పని పిస్టన్‌ని తోసేది కూడా ఆ 60 పౌండ్ల ఒత్తిడే, మండినా అది పెరగదు. కానీ వేడెక్కిన గ్యాస్‌కి ఎక్కువ చోటు కావాలి. పంపు నుంచి కొంచెం చోటులో వచ్చిన మిశ్రమం, మండాక రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. కాబట్టి అదే బలంతో పిస్టన్‌ని ఇంకా ఎక్కువ దూరం తోస్తుంది. పని అంటే బలం ఇంటూ దూరం అని మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది. బలం రెండు వైపులా ఒకటే, దూరంలో తేడా ఉంది. ఆ తేడానే మనకు మిగిలే పని. ఇంజిన్ కిటుకంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. అర్థం కాకపోతే ఇంకోసారి చదవండి, తర్వాతే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు మంట సంగతి. నాకు ఈ ఇంజిన్‌లో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. మీ మోటార్‌సైకిల్‌లో ప్రతిసారీ స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది, మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమంటుంది. బ్రేటన్‌కి ఆ భగ్గుమనడమే ఇష్టం లేదు. ఆవిరి యంత్రంలో ఆవిరి పిస్టన్‌ని మెత్తగా, ఒకే తీరుగా తోస్తుంది. గ్యాస్ కూడా అలాగే తోయాలని ఆయన పట్టుదల. అందుకని పని సిలిండర్ ముఖద్వారం దగ్గర చిల్లుల పలకలు, వాటి మధ్య సన్నటి తీగ జాలీ అమర్చాడు. జాలీకి సిలిండర్ వైపు ఒక చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. ప్రధాన వాల్వ్ మూసి ఉన్నప్పుడు కూడా సన్నటి దారిలో కొద్దిగా మిశ్రమం వచ్చి ఆ మంటను ఆరిపోకుండా నిలిపేది. వాల్వ్ తెరుచుకోగానే మిశ్రమం జాలీ గుండా లోపలికి వస్తూ, వస్తున్న కొద్దీ అంటుకుంటూ, పిస్టన్ వెనకే మండుతూ పోయేది. పేలుడు లేదు, దెబ్బ లేదు. పిస్టన్ కొంత దూరం వెళ్లాక వాల్వ్ మూసుకునేది. లోపల ఉన్న వేడి గ్యాస్ తనంతట తాను వ్యాకోచిస్తూ మిగతా దూరం తోసేది. తర్వాత పొగ వాల్వ్ తెరుచుకుని, పిస్టన్ తిరిగి వస్తూ కాలిన గ్యాస్‌ని బయటికి నెట్టేది. ఇరుసు ఒక్కసారి తిరిగితే ఒక తోపు ఖాయం.

అంత మంట పక్కనే ట్యాంకు నిండా మండే మిశ్రమం ఉంది కదా, వెనక్కి అంటుకోదా? దానికే ఆ జాలీ. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో బొగ్గు గనుల కోసం చేసిన దీపం రహస్యం కూడా ఇదే. మంట సన్నటి లోహపు జాలీని దాటాలంటే, దాని వేడిని లోహం లాగేసుకుంటుంది. అవతలికి వెళ్లేసరికి అంటించేంత వేడి మిగలదు. (ఈ ప్రయోగాన్ని ఇంట్లో స్టవ్ మీద చేయొద్దు. మీ అమ్మ నన్ను తిడుతుంది.)

కానీ ఆచరణలో జాలీ ఎల్లప్పుడూ నిలవలేదు. ఎక్కడైనా చిరిగినా, దెబ్బతిన్నా మంట వెనక్కి దూకి ట్యాంకులోకి పోయేది, ఇంజిన్ ఆగిపోయేది. బ్రేటన్ దీనికి చేసిన మరమ్మతు నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. జాలీని ఇంకా గట్టిగా చేయడం కాదు, ట్యాంకులో మండేది ఏదీ లేకుండా చేయడం! 1874లో ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు పెద్ద పంపు ఒట్టి గాలినే నొక్కుతుంది. ఇంధనం గ్యాస్ కాదు, కిరోసిన్ లాంటి నూనె. దాన్ని వేరే చిన్న పంపు జాలీ దగ్గరికే చుక్కచుక్కగా తెచ్చి పోస్తుంది. గాలి ఆ నూనెను తనలో కలుపుకుంటూ లోపలికి వెళ్లి మండుతుంది. మంట వెనక్కి దూకినా ట్యాంకులో ఉన్నది గాలే కాబట్టి భయం లేదు. పైగా గ్యాస్ గొట్టాలు లేని చోట కూడా ఇంజిన్ నడుస్తుంది, పడవలో కూడా.

పడవ అన్నాను కదా. న్యూజెర్సీలోని ప్యాటర్సన్ అనే ఊళ్లో జాన్ హాలండ్ అనే ఐర్లాండ్ బడిపంతులు ఉండేవాడు. నీళ్ల కింద నడిచే పడవ చేయాలని ఆయన పిచ్చి. 1878లో చేసిన మొదటి పడవలో బ్రేటన్ ఇంజినే పెట్టాడు. పసాయిక్ నదిలో దింపితే ఇంజిన్ మొండికేసింది. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. పక్కన నడిచే ఆవిరి పడవ నుంచి గొట్టం వేసి, ఆ ఆవిరితోనే ఇంజిన్‌ని తిప్పించి పరీక్ష పూర్తి చేశాడు! 1881 నాటి ఆయన రెండో పడవలో కూడా బ్రేటన్ ఇంజినే, ఈసారి అది బాగానే నడిచింది. ఆ రెండు పడవలూ ఇప్పుడు ప్యాటర్సన్ మ్యూజియంలో ఉన్నాయి. మన వాళ్లు న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా, ఎప్పుడైనా వెళ్తే చూడండి.

1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా నూరేళ్ల పండగకి పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ అందరూ నోరు తెరుచుకుని చూసింది కార్లిస్ అనే కొండంత ఆవిరి యంత్రాన్ని. బ్రేటన్ చిన్న ఇంజిన్ కూడా అక్కడే ఉంది. దాన్ని జార్జ్ సెల్డెన్ అనే పేటెంట్ లాయర్ జాగ్రత్తగా చూశాడు. దీన్ని తేలిక చేసి బండికి బిగిస్తే? 1879లో దరఖాస్తు పెట్టాడు. దాన్ని మారుస్తూ, సాగదీస్తూ 1895 దాకా నడిపి, ఇంజిన్‌తో నడిచే కారు మొత్తానికి పేటెంట్ సంపాదించాడు. కార్లు చేసేవాళ్లందరూ ఆ పేటెంట్ కోసం డబ్బు కట్టాల్సి వచ్చింది. హెన్రీ ఫోర్డ్ కట్టనన్నాడు. ఏళ్ల తరబడి కోర్టులో నడిచింది. 1911లో అప్పీలు కోర్టు ఏమందంటే: సెల్డెన్ పేటెంట్ సరైనదే, కానీ అది బ్రేటన్ తరహా ఇంజిన్ ఉన్న కారుకే వర్తిస్తుంది. ఫోర్డ్ కార్లలో ఉన్నది ఆటో తరహా ఇంజిన్. కాబట్టి ఫోర్డ్ గెలిచినట్టే. మంట ఒక్కసారిగా భగ్గుమంటుందా, మెల్లగా మండుతుందా అన్న తేడా మీద అంత పెద్ద కేసు తేలింది.

ఆటో అంటే మన ఆటోరిక్షా కాదు, నికోలాస్ ఆటో అనే జర్మన్. సరిగ్గా ఆ 1876లోనే ఆయన ఒకే సిలిండర్‌లో పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం నాలుగూ చేయించాడు. రెండు చుట్లకి ఒక్క తోపే వస్తుంది. లెక్క ప్రకారం బ్రేటన్‌దే మేలు అనిపించాలి. కానీ గెలిచింది ఆటో ఇంజిన్. ఎందుకో చెప్తాను. బ్రేటన్ ఇంజిన్‌లో నొక్కిన గాలి ట్యాంకులోకి వెళ్లి చల్లబడుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు గొట్టం వేడెక్కడం మీకు తెలుసు కదా, పాపం కష్టపడి పుట్టించిన ఆ వేడి అలా వృథా అవుతుంది. తర్వాత అది సన్నటి దారులు, వాల్వులు, జాలీ దాటి రావాలి, ప్రతి చోటా ఒత్తిడి కొంత పోతుంది. పంపుకే చాలా శక్తి ఖర్చు. రెండు పిస్టన్ల రాపిడి అదనం. ఆటో ఇంజిన్‌లో నొక్కిన చోటే మండుతుంది, ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ పోటీలో బ్రేటన్ ఓడిపోవడం న్యాయమే అని నా అభిప్రాయం. ఆయన 1892లో ఇంగ్లండులోని లీడ్స్‌లో చనిపోయాడు.

అయితే ఆయన పేరు మీరు ఇంజనీరింగ్ చదివితే తప్పకుండా వింటారు: బ్రేటన్ సైకిల్. తొక్కే సైకిల్ కాదు, ఒకే వరసలో మళ్లీ మళ్లీ జరిగే పనుల చక్రం. నొక్కడం ఒక చోట, ఒకే ఒత్తిడిలో మండించడం ఇంకో చోట, వ్యాకోచం మరో చోట. పంపు సిలిండర్ తీసేసి గిరగిరా తిరిగే రెక్కల కంప్రెసర్ పెట్టండి. పని సిలిండర్ స్థానంలో టర్బైన్, అంటే వేడి గ్యాస్ తోస్తే తిరిగే రెక్కల చక్రం, పెట్టండి. జాలీ ఉన్న చోట దహన గది పెట్టండి. అదే గ్యాస్ టర్బైన్. 1939లో జర్మనీలో తొలి జెట్ విమానం ఎగిరింది ఈ పద్ధతిలోనే. మన గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలో సహజ వాయువుతో నడవడానికి కట్టిన కరెంటు కేంద్రంలో టర్బైన్లు కూడా ఇవే. అక్కడ కూడా టర్బైన్ పుట్టించే బలంలో సగమో, అంతకన్నా ఎక్కువో కంప్రెసరే తీసుకుంటుంది, బ్రేటన్ పంపు చేసినట్టే. కాకపోతే ట్యాంకు లేదు, నొక్కిన గాలి చల్లబడే సందే ఉండదు, వేడి వేడిగానే మంట దగ్గరికి వెళ్తుంది. రెక్కల ఆకారం బాగుపడి, ఎంతో వేడిని తట్టుకునే లోహాలు వచ్చాక ఖర్చు పోను మిగిలేది బాగా పెరిగింది.

కంప్రెసర్ ఒట్టి గాలినే నొక్కుతుంది, ఇంధనాన్ని మంట దగ్గరే కలుపుతారు. 1874లో బ్రేటన్ చేసిన మరమ్మతు అన్నమాట. ఆ మంట కూడా ఒకసారి అంటిస్తే టర్బైన్ నడిచినంత సేపూ ఆరదు. స్పార్క్‌తో పని స్టార్ట్ చేసేటప్పుడే.

బొమ్మ గీసి ఇంకో కాగితం మీద పెట్టాను. పంపుకి నీలం, పని సిలిండర్‌కి ఎరుపు రంగు వేశాను. వాల్వులు ఎప్పుడు తెరుచుకుంటాయో మీరే పెన్సిల్‌తో గుర్తు పెట్టి పంపండి, దిద్ది పంపుతాను.

ఉంటాను,
మీ తాతయ్య