విడిభాగం ఏ దేశానిది? మన దిగుమతిదారులను ముంచుతున్న అపోహలు

నాది విజయనగరం. విశాఖ పోర్టులో కస్టమ్స్ బ్రోకర్‌గా సరుకు విడిపించే పని చేస్తాను. పాతవాళ్లు మమ్మల్ని ఇప్పటికీ సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే పిలుస్తారు. ఈమధ్య విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల స్పేర్ పార్ట్స్ వ్యాపారులు కొందరు టోకు వర్తకుల మీద ఆధారపడకుండా, సొంతంగా ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడు) తీసుకుని కార్ల విడిభాగాలను నేరుగా విదేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. మన ఊళ్ల వ్యాపారం ఇలా ఎదగడం నాకు ఎంతో సంతోషం. కానీ వాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న దగ్గర దెబ్బతింటున్నారు: ఈ సరుకు మూలదేశం ఏది? దానికి సరైన జవాబు లేక లాభమంతా సుంకానికి ధారపోసినవాళ్లను దగ్గర నుంచి చూశాను. అందుకే తరచూ వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బా మీద ‘మేడిన్ థాయిలాండ్’ అని ఉంది, కంటైనర్ కూడా అక్కడే ఎక్కింది. కాబట్టి ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం కింద సుంకంలో రాయితీ వచ్చి తీరుతుంది.

వాస్తవం: మన పలాస జీడిపప్పుతో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పలాస-కాశీబుగ్గ పరిశ్రమలకు స్థానిక పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా వస్తాయి. వాటిని ఇక్కడ కొట్టి, పొర తీసి, గ్రేడు చేస్తారు. సుంకాల పట్టికలో ప్రతి వస్తువుకూ ఒక కోడు ఉంటుంది. పెంకుతో ఉన్న జీడిది 080131, పెంకు తీసినదానిది 080132. మొదటి నాలుగు అంకెలు అవే ఉన్నా, ఆరంకెల కోడు మారింది. అంటే ఆ స్థాయిలో చూస్తే వస్తువే మారినట్టు లెక్క. అదే ఆఫ్రికాలో ఒలిచిన పప్పును తెచ్చి ఇక్కడ పావుకిలో ప్యాకెట్లలో నింపారనుకోండి. ప్యాకెట్ ఎంత అందంగా ఉన్నా కోడు మారదు, మూలమూ మారదు.

విడిభాగాలకూ ఇదే తర్కం. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-ఆసియాన్ వస్తు వాణిజ్య ఒప్పందం ప్రకారం, బయటి దేశాల ముడిసరుకుతో చేసిన వస్తువుకు సాధారణంగా రెండు పరీక్షలు ఉంటాయి. ఒకటి, బయటి ముడిసరుకు ఆరంకెల కోడు, తయారైన వస్తువు కోడు వేరువేరుగా ఉండాలి. రెండు, ఎఫ్‌ఓబీ విలువలో (ఎగుమతి రేవులో ఓడకెక్కించే దాకా అయ్యే ధరలో) కనీసం 35 శాతం ఆసియాన్-భారత్ పరిధిలోనే పుట్టి ఉండాలి. వీటిలో ఏదో ఒకటి చాలదు, రెండూ నెగ్గాలి. తయారీలో చివరి ప్రక్రియ కూడా ఎగుమతి చేసే దేశంలోనే జరిగి ఉండాలి. లేబుల్ అంటించడం, డబ్బాల్లో సర్దడం, నాలుగు ముక్కలు బిగించడం లాంటి చిన్న పనులతో మూలం రాదు.

ఒక ఆయిల్ ఫిల్టర్ లెక్క చూద్దాం. దాని ఎఫ్‌ఓబీ ధర 200 రూపాయలనుకోండి. అందులోని కాగితం, రేకు, వాల్వు అన్నీ చైనావి, వాటి విలువ 140. ఫిల్టర్ కోడు 842123. లోపలి ముక్కల కోడ్లు వేరు కాబట్టి మొదటి పరీక్ష నెగ్గింది. కానీ థాయిలాండ్‌లో కలిసిన విలువ 60 రూపాయలే, అంటే 30 శాతం. రాయితీ పోయినట్టే. చైనా సరుకు 120 రూపాయలకు తగ్గి ఉంటే స్థానిక విలువ 40 శాతమై నెగ్గేది.

బ్రేక్ ప్యాడ్లది ఇంకో తిరకాసు. 870830 కోడులో బ్రేకులతో పాటు బ్రేకుల భాగాలు కూడా ఉన్నాయి. ప్యాడ్ వెనుక ఉండే ఉక్కు పలక బ్రేకు కోసమే తయారైనదైతే అదీ ఆ కోడులోకే వస్తుంది. ఆ పలక చైనా నుంచి వెళ్లి, రాపిడి పదార్థాన్ని థాయిలాండ్‌లో అతికించారనుకోండి. అక్కడ ఎంత ఖర్చు పెట్టినా పలక కోడు మారలేదు. 35 శాతం దాటాం కదా అనే ధీమాతో సరుకు తెప్పించినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. సుంకాల పట్టికలో వాహనాలకు సంబంధించిన 87వ అధ్యాయంలో పూర్తి వస్తువు, దాని ముక్కలు ఒకే కోడులో ఉండే సందర్భాలు తరచూ వస్తాయి. ఆర్డరుకు ముందే కోడు పుస్తకం తెరవమని నేను పట్టుబట్టేది అందుకే.

కొరియా, జపాన్ ఒప్పందాల్లోనూ సాధారణ నిబంధన దాదాపు ఇలాగే ఉంటుంది. అయితే వస్తువులవారీగా ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

అపోహ: ఆరిజిన్ సర్టిఫికెట్ (మూలదేశ ధ్రువపత్రం) చేతిలో ఉంటే ఇక ఎవరూ ఏమీ అడగరు.

వాస్తవం: ఈ నమ్మకం వల్ల జరిగినంత నష్టం మరే అపోహ వల్లా జరగలేదని నా అభిప్రాయం. 2020లో కస్టమ్స్ చట్టంలో 28డీఏ సెక్షన్ చేర్చారు. దాని వెంటే వచ్చిన, రాయితీ కోరే సరుకు మూలాన్ని సరిచూసే కారోటార్ నిబంధనలు 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్నాయి. వీటి ప్రకారం, మూలానికి సంబంధించిన సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. వస్తువు ఎలా తయారైంది, ముడిసరుకు ఎక్కడిది, విలువ లెక్క ఎలా వచ్చింది అనే వివరాలు ఫారం-1లో ఉంటాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన) వేసిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు వాటిని దాచాలి. అధికారి అడిగితే పది పనిదినాల్లో ఇవ్వాలి. 2025 మార్చిలో ఈ నిబంధనల్లో ‘సర్టిఫికెట్’ స్థానంలో ‘మూల నిదర్శనం’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక వ్యాపారి సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆయన ఆసియాన్ దేశం ఒకదాని నుంచి క్లచ్ ప్లేట్లు తెప్పించారు. సర్టిఫికెట్ చక్కగా ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. అధికారి ముడిసరుకు వివరాలు అడిగారు. ఆయన దగ్గర సర్టిఫికెట్ తప్ప మరో కాగితం లేదు. సరఫరాదారుకు రాస్తే అది మా వ్యాపార రహస్యం అని జవాబు వచ్చింది. గడువు దాటిపోయింది. కంటైనర్ యార్డులో నిలబడిన ప్రతి రోజుకూ అద్దె పడింది. “బాబూ, నేనేమైనా దొంగ సరుకు తెచ్చానా? ముద్ర వేసిన కాగితం ఉంది కదా” అని ఆయన అడిగారు. ఆయన మోసం చేయలేదు, నాకు తెలుసు. కానీ కాగితంలో ఉన్నది నిజమని చూపే ఆధారం ఆయన దగ్గర లేదు. చివరికి పూర్తి సుంకం కట్టి సరుకు తీసుకెళ్లారు.

ఎగుమతి దేశానికి రాసి సరిచూసుకునే అధికారం కూడా మన కస్టమ్స్‌కు ఉంది. రాయితీ కోరిన రోజు నుంచి ఐదేళ్ల లోపు ఎప్పుడైనా అలా అడగవచ్చు. జవాబు వచ్చేదాకా సరుకు కావాలంటే సుంకంలో తేడాకు హామీ ఇవ్వాలి. ఒక తయారీదారు సరుకు నిబంధన నెగ్గలేదని తేలితే, అతని అదే వస్తువు తర్వాత వచ్చినప్పుడు మళ్లీ విచారణ లేకుండానే రాయితీ నిరాకరించవచ్చు. అంటే ఒకరి కంటైనర్‌లో తేలిన లోపం అక్కడే కొనే మరో నలుగురికీ తగులుతుంది.

అపోహ: బార్‌కోడు చూస్తే, లేదా కారు ఛాసిస్ నంబరు చూస్తే దేశం తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. బార్‌కోడులో 890 ఉంటే ఆ సంఖ్యను భారత్‌లోని జీఎస్1 సంస్థ కేటాయించిందని మాత్రమే అర్థం. వస్తువు ఎక్కడైనా తయారై ఉండవచ్చు. ఛాసిస్ నంబరు మొదటి అక్షరం జె అయితే జపాన్, కె అయితే కొరియా అనేది కారుకు వర్తిస్తుంది. ఆ కారులోని హెడ్‌లైటుకు వర్తించదు. బ్రాండు కూడా అంతే. జపాన్ పేరున్న భాగం ఇండోనేషియాలో తయారైతే దాని మూలం జపాన్ కాదు.

అపోహ: ఇన్వాయిస్ సింగపూర్‌ది, ఓడ కొలంబోలో ఆగింది. కాబట్టి రాయితీ పోయింది.

వాస్తవం: అంత కంగారు అక్కర్లేదు. విశాఖకు వచ్చే కంటైనర్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారడం మామూలే. అక్కడి కస్టమ్స్ నిఘాలోనే ఉండి, దింపి ఎక్కించడం తప్ప సరుకు మీద ఇంకే పనీ జరగకపోతే చాలు. అది చూపడానికి బయలుదేరిన రేవు నుంచి విశాఖ దాకా ఒకటే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) ఉండేలా చూసుకోండి. మూడో దేశం ఇన్వాయిస్‌ను ఆసియాన్ ఒప్పందం అనుమతిస్తుంది, ఆ సంగతి సర్టిఫికెట్‌లో గుర్తించి ఉండాలి.

అపోహ: రాయితీ అడగకపోతే మూలదేశంతో పనే లేదు.

వాస్తవం: బిల్ ఆఫ్ ఎంట్రీలో మూలదేశం ఎలాగూ ప్రకటించాలి. అమ్మకానికి పెట్టే ప్యాకెట్ మీదా ఉండాలి. యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా కుమ్మరించే విదేశీ సరుకు మీద వేసేది) కూడా దేశాన్ని బట్టే పడుతుంది. చైనా, కొరియా, థాయిలాండ్ అల్లాయ్ వీల్స్ మీద ఒకప్పుడు అలాగే వేశారు. ఆ సుంకం తప్పించుకోవడానికి దేశం పేరు మార్చి రాయమని నన్ను ఎవరైనా అడిగితే ఆ ఫైలు ముట్టుకోను.

అపోహ: ఇవన్నీ బ్రోకర్ చూసుకుంటాడు.

వాస్తవం: ఫారాలు నింపుతాను, నిబంధన చెబుతాను, తప్పు కనిపిస్తే ఆపుతాను. అది నా బాధ్యత. కానీ ఫ్యాక్టరీలో ఏ రేకు ఎక్కడి నుంచి వచ్చిందో కొనేవారే అడిగి తెలుసుకోవాలి. రాయితీ కోరుతున్నది వారే, చట్టం ముందుగా అడిగేదీ వారినే. కాబట్టి అడ్వాన్స్ పంపక ముందే సరఫరాదారును మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ముడిసరుకు జాబితా ఆరంకెల కోడ్లతో సహా, వాటిలో బయటి దేశాల విలువ, ఫ్యాక్టరీలో జరిగే పనుల క్రమం. ఇవ్వనంటే పూర్తి సుంకం వేసి ధర లెక్క కట్టండి. ఆ లెక్కలోనూ గిట్టుబాటైతేనే ఆర్డరు పెట్టండి.