ఒక కుటుంబం వెంట పాతికేళ్లు

థైరాయిడ్ రిపోర్టులో టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) ఎక్కువగా ఉంటే గ్రంథి అతిగా పనిచేస్తోందని అనుకుంటాం. అప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చేయించే టీఎస్‌హెచ్ హార్మోనును దాదాపుగా ఆపేయాలి. ఆపలేదంటే లెక్క ఎక్కడో తప్పినట్టే. ఆ తప్పిన లెక్క వెంట దశాబ్దాలు నడిచిన వైద్య పరిశోధకుడు శామ్యూల్ రెఫెటాఫ్.

బల్గేరియాలో పుట్టి కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఆయన, 1967లో మరో ఇద్దరితో కలిసి కొందరు తోబుట్టువుల గురించి రాశారు. పిల్లలకు చెవుడు, మాట రాకపోవడం, గొంతు దగ్గర వాపు, ఎక్స్‌రేలో ఎముకల చివర్లలో చుక్కలు. తల్లిదండ్రులు రక్తసంబంధీకులు. మేనరికాలు ఎరిగిన మనకు ఆ వివరం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. థైరాయిడ్ హార్మోనుకు కొలమానంగా అప్పట్లో రక్తంలో ప్రోటీన్లకు అంటిన అయోడిన్‌ను చూసేవారు. అది బాగా ఎక్కువగా ఉంది. కానీ హార్మోను ఎక్కువైన రోగుల్లో కనిపించే లక్షణాలు ఈ పిల్లల్లో లేవు. హార్మోను అందుతున్నా కణజాలమే స్పందించడం లేదేమోనని వాళ్లు ఊహించారు. దాన్ని అందుకునే గ్రాహకం జన్యువేదో ఇంకా ఎవరికీ తెలియని కాలమది. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు గొప్పగా తోచేది ఈ ఊహే.

ఆల్ఫా, బీటా అనే రెండు రకాల గ్రాహకాల జన్యువులు 1986లో దొరికాయి. 1989లో షికాగో విశ్వవిద్యాలయంలోని ఆయన బృందం, ఇదే సమస్య ఉన్న వేరే కుటుంబంలో, మూడో క్రోమోజోము మీది బీటా గ్రాహక జన్యువులో ఒకే ఒక డీఎన్ఏ అక్షరం మారిందని చూపింది. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు ప్రతులుంటుంది; అక్కడ ఒక్క ప్రతి చెడినా జబ్బు వచ్చింది. తొలి కుటుంబం సంగతి 1992లో తేలింది: ఆ పిల్లల్లో గ్రాహకాన్ని తయారుచేసే జన్యుభాగం రెండు ప్రతుల్లోనూ లేనే లేదు. ఒక్క ప్రతే లేనివారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

సగం పూర్తిగా పోయినా ఫరవాలేదు గానీ, సగం చెడితే ప్రమాదమా? కుర్చీ ఖాళీగా ఉంటే మరొకరు కూర్చుని పని చేస్తారు. పని చేయనివాడు కుర్చీ వదలకపోతేనే పని ఆగుతుంది. చెడిన గ్రాహకం కూడా డీఎన్ఏ మీద మంచిదాని చోటును ఆక్రమిస్తుంది. పైగా గుండెలో ప్రధానంగా పనిచేసేది ఆల్ఫా గ్రాహకం. అది బాగానే ఉంటుంది కనుక, బీటా మీద ఆధారపడే కాలేయం స్పందించకపోయినా పెరిగిన హార్మోనుకు గుండె దడదడలాడుతుంది. ఒకే మనిషిలో కొన్ని అవయవాలకు హార్మోను తక్కువ, కొన్నిటికి ఎక్కువ! ఇది తెలియక ఎందరికో థైరాయిడ్ గ్రంథిని తీసేశారు. తలచుకుంటే బాధ కలుగుతుంది.

తర్వాత హార్మోనును కణంలోకి చేర్చే వాహకం లోపాలు 2004లో, దాన్ని క్రియాశీలం చేసే ఎంజైముల తయారీకి సంబంధించిన లోపాలు 2005లో ఆయన బృందం కృషిలో వెలుగుచూశాయి.

అదే 2004లో బీటా గ్రాహక లోపం ఉన్న, పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని ఒక పెద్ద కుటుంబాన్ని పరిశీలించినప్పుడు మరో విషయం తెలిసింది. జబ్బున్న తల్లులకు గర్భస్రావాలు ఎక్కువ. జబ్బు తండ్రిది అయితే ఆ తేడా లేదు. తల్లి శరీరం హెచ్చు హార్మోనుకు అలవాటుపడింది. మామూలు జన్యువున్న బిడ్డ ఆ మోతాదును తట్టుకోలేకపోతోంది. తల్లిలాగే మారిన జన్యువున్న బిడ్డలు పుట్టేటప్పుడు సరైన బరువుతో ఉన్నారు. మామూలు బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు.