మాట నేర్చే వయసు, పెద్దల అలవాట్లు: అపోహలు – వాస్తవాలు

మాటలు ఇంకా రాలేదనో, ఎక్కడా లేని తిట్లు పట్టుబడ్డాయనో, ఉన్నట్టుండి నత్తి మొదలైందనో పసిపిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులతో స్పీచ్ థెరపిస్టుగా రోజూ మాట్లాడుతుంటాను. పెద్దలను చూసి పిల్లలు నిజంగా నేర్చుకునేవాటిని తేలిగ్గా తీసుకోవడం, అనుకరణతో సంబంధం లేనివాటిని మాత్రం దానికే అంటగట్టడం వారి నమ్మకాల్లో తరచుగా కనిపిస్తుంది.

అపోహ: పసివాళ్ళకు ఏం తెలుస్తుంది, వాళ్ళ ముందు ఏ భాష మాట్లాడినా ఒకటే.

వాస్తవం: వినడం తల్లి కడుపులోనే మొదలవుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధన తెలుగువారికి బాగా అర్థమవుతుంది. నాలుకను పళ్ళకు ఆనించి పలికే 'త'కూ, వెనక్కి మడిచి పలికే 'ట'కూ హిందీలో ఉన్న తేడాను, ఇంగ్లిషు మాత్రమే వినే ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల శిశువులు చాలావరకు గుర్తుపట్టగా, పది నుంచి పన్నెండు నెలల వారిలో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. విదేశాల్లో ఉన్న మన కుటుంబాలు 'ముందు ఇంగ్లిషు రానివ్వండి, తెలుగు తర్వాత చూద్దాం' అన్నప్పుడు నేను ఈ సంగతే వివరిస్తాను. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు.

అపోహ: ఆ మాటలు మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు, బయట ఎక్కడో విని వచ్చాడు.

వాస్తవం: బయట వినే అవకాశం లేకపోలేదు గానీ, ఎవరో కూర్చోబెట్టి నేర్పితేనే మాటలు వస్తాయనుకోవడం సరికాదు. తమతో కాక, పక్కన పెద్దలు తమలో తాము మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చిన కొత్త పదాన్ని కూడా రెండేళ్ళ పిల్లలు నేర్చుకోగలరని 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. మన ఇళ్ళలో దీనికి ప్రయోగశాల అవసరం లేదు. తల్లి పిలుపు విని తండ్రిని 'ఏవండీ' అనీ, నానమ్మను 'అత్తయ్యా' అనీ పిలిచే పిల్లలను మనమందరం చూసినవాళ్ళమే.

మాటతో పాటు ఆ మాట అనే తీరు కూడా దిగుతుంది. మూడేళ్ళ బాబు ఒకడు మా గదిలో బొమ్మ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అటూ ఇటూ తిరుగుతూ, 'చెప్పాను కదా, మళ్ళీ మళ్ళీ అడగొద్దు' అని గొంతు పెంచి, ఎవరి వంకా చూడకుండా వేలు ఆడించాడు. పక్కనే ఉన్న తండ్రి ముఖం చూస్తే ఆ మాట ఎవరిదో వేరే అడగనక్కరలేకపోయింది. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు. పెద్దలు చేసిన పనిలో ఏది అవసరమో ఏది కాదో వేరుచేయకుండా మొత్తంగా అనుకరించడం ఈ వయసు స్వభావం. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో వెల్లడించిన ప్రయోగంలో, పారదర్శకమైన పెట్టె నుంచి బహుమతిని తీసేటప్పుడు చింపాంజీలు పనికిరాని చేష్టలను వదిలేస్తే, మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం వాటిని కూడా చేసి చూపారు. చేతులు కడుక్కోవడం, పెద్దలు రాగానే లేచి నిలబడడం వంటి మంచి అలవాట్లు కూడా ఈ దారినే వస్తాయి.

తిట్టు వినిపించినప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వితే అది మెప్పు అవుతుంది, అందరూ కేకలు వేస్తే అదొక ఆట అవుతుంది. ఆ మాటను పట్టించుకోకుండా, 'కోపం వచ్చింది అని చెప్పు నాన్నా' అంటూ వాడుకోదగిన మాటను అందించడం మేలు. ఇంట్లో పెద్దలు ఆ తిట్టును మానకపోతే ఈ సలహా పనిచేయదు.

అపోహ: ఫోనులో పాటలు పెడితే మాటలు త్వరగా వస్తాయి.

వాస్తవం: పెట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి ఎదురుగా కూర్చుని చైనా భాషలో ఆడించిన తొమ్మిది నెలల అమెరికా శిశువులు ఆ భాషా ధ్వనులను నేర్చుకున్నారు, అదే వీడియోలో చూసినవారు నేర్చుకోలేదు. ఏడాది నిండని పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

అపోహ: ముద్దుమాటలతో పలుకు పాడవుతుంది.

వాస్తవం: బువ్వ, జోజో, లాల వంటి మాటలూ, సాగదీసి రాగంగా పలకడమూ హాని చేయవు, పైగా శిశువు దృష్టిని నిలుపుతాయి. బిడ్డ 'తుక్క' అన్నప్పుడు మనమూ 'తుక్క' అనకుండా, 'అవునమ్మా, కుక్క వచ్చింది, నల్ల కుక్క' అని సరైన రూపాన్ని వినిపిస్తే చాలు.

అపోహ: నత్తి ఉన్నవారి దగ్గర తిరిగితే పిల్లలకూ నత్తి పట్టుకుంటుంది.

వాస్తవం: పట్టుకోదు. నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. వంశపారంపర్యమూ, మెదడు మాటను నడిపే తీరూ దానికి ప్రధాన కారణాలు. మామయ్యకూ మేనల్లుడికీ ఇద్దరికీ నత్తి ఉంటే అది రక్తసంబంధం వల్ల కావచ్చు గానీ సాంగత్యం వల్ల కాదు. ఈ నమ్మకంతో నత్తి ఉన్న బంధువును పిల్లల నుంచి దూరం పెట్టడం నన్ను ఎంతో బాధిస్తుంది. పిల్లవాడిని 'నిదానంగా చెప్పు' అని హెచ్చరించే బదులు, పెద్దలే తమ మాటల వేగం తగ్గించి, మధ్యలో అందుకోకుండా వినాలి.

అపోహ: వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలు వచ్చాయి, వస నాకిస్తే సరిపోతుంది.

వాస్తవం: వసతో మాట వస్తుందనడానికి ఆధారం లేదు, ఆ ఎదురుచూపులో వినికిడి లోపం బయటపడకుండా నెలలు గడిచిపోతాయి. పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకు 'అమ్మ రా' వంటి రెండు మాటల కలయిక లేకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నాయి.