మూడు తీగెల తంబురా

రాజోలు

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

చంటీ, మొన్న సెలవుల్లో బీరువాలోని త్యాగరాజస్వామి వెండి పతకం చూసి "నల్లగా ఉంది, తోమెయ్యనా?" అన్నావు. నేను గబుక్కున లాక్కున్నాను. నీ మూతి మూడు రోజులు ముడుచుకునే ఉంది. ఇప్పుడు చెప్తా విను.

అది పోత పోసింది కాదు, అచ్చు కొట్టింది. ఉక్కు దిమ్మ మీద బొమ్మను తిరగేసి చెక్కుతారు. పతకంలో ఉబ్బెత్తుగా కనబడే ముక్కు అక్కడ గుంట. చిడతలు పట్టిన చెయ్యి అటుది ఇటు. 1767–1847 అంకెలు కూడా అద్దంలో చూసినట్టే. వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి మరతో నొక్కుతారు. మొదటి దెబ్బకు గడ్డం, తలపాగా లేస్తాయి గానీ సన్నపు గీతలు లేవవు. పైగా దెబ్బ తిన్న వెండి బిరుసెక్కుతుంది. కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొట్టాలి.

బొమ్మ ఎత్తంతా కలిపినా బియ్యపు గింజ మందం ఉండదు. అందులోనే తలపాగా ముందుకు రావాలి, భుజం వెనక్కి తగ్గాలి, తంబురా దండి ఇంకా వెనక్కి పోవాలి. ఆయనకి ఫోటో లేదు కదా, మొహం శిల్పి ఊహే. అయినా చిడతలూ తంబురా చూడగానే మనవాళ్ళు చేతులు జోడిస్తారు. ఇక్కడికి దగ్గరలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారికి గురువైన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు ఆ స్వామి శిష్యపరంపరలోని వారే. అందుకే ఆ పతకమంటే నాకు ఇంట్లో పెద్దాయన పటం లాంటిది.

ఇక నలుపు సంగతి. గాలిలో గంధకం తగిలి వెండి అలా మారుతుంది. గుంటల్లో నలుపు నిలుస్తుంది, ఎత్తుల మీద చెయ్యి తగిలి తెల్లగా ఉంటుంది. కంటి కింద ముడత కనబడేది ఆ నలుపు వల్లే.

నేనూ ఒకసారి పండక్కి మెరవాలని పళ్ళపొడి వేసి తోమాను. నీ వయసులో కాదురా, పెళ్ళయ్యాకే! తంబురాకి తీగెలు నాలుగు. పతకం మీద లెక్కపెట్టు, మూడే ఉంటాయి. నా తోముడికి అరిగిపోయింది చివరిది, మంద్రషడ్జం, అంటే కింది స్థాయి 'స' పలికే తీగె.

ఈసారి నువ్వే తీసి చూడు. అంచులు పట్టుకో, బొమ్మ మీద వేలు వెయ్యకు. మళ్ళీ నూలుగుడ్డలోనే చుట్టు. రబ్బరు బ్యాండు మాత్రం వెయ్యొద్దు, అందులోనూ గంధకమే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక భూతద్దం తెండి. నాది మీ నాయనమ్మ మందుల చీటీ చదవడానికని తీసుకుని ఎక్కడో పెట్టేసింది.

మీ
తాతయ్య