తప్పు తీగదా, గాలిదా?

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

క్లాసు మధ్యలో టీచరు మాట తెగిపోతోందని, వీడియో ఎంతకీ కదలడం లేదని మీరు పడే టెన్షన్ నాకు తెలుసు. వెంటనే రౌటర్ ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఈసారి అలా చేసేముందు అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టండి.

బయటి నుంచి రౌటర్ దాకా తీగలో వచ్చేది నెట్. అక్కడి నుంచి మీ ఫోన్‌కు గాలిలో వచ్చేది వైఫై. ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడని సమయం చూసి, లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే వైఫైని తప్పుపట్టకండి, కంపెనీకి ఫోన్ చేయించండి. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద ఎల్ఓఎస్ అన్నచోట ఎర్ర దీపం వెలుగుతోందేమో చూడండి. వెలిగితే తీగలో కాంతి అందడం లేదన్నమాట.

లెక్క కూడా తెలిసి ఉండాలి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున ఫైల్ దిగుతుంటే మిమ్మల్ని ఎవరూ మోసం చేయనట్టే.

కేబుల్‌తో బాగుండి, వైఫైలోనే ఇబ్బందైతే పని మన చేతుల్లోనే ఉంది. వైఫైలో ఒక ఛానెల్ (గాలిలో తరంగాలు నడిచే ఒక వరుస) మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. దూరపు గదిలో సిగ్నల్ సరిగా అందని ఫోన్ మెల్లగా మాట్లాడుతుంది, అంటే ఎక్కువసేపు మాట్లాడుతుంది. దానివల్ల రౌటర్ పక్కనే కూర్చున్నవాళ్లకు కూడా ఆలస్యమవుతుంది. రౌటర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు తరంగదారుల్లో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. పక్కింటి రౌటర్లు, బ్లూటూత్ వాడేదీ ఆ దారినే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే, అందుకే అది తిరుగుతున్నంతసేపు నెట్ తడబడవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కాకపోతే గోడలు దాటేసరికి బాగా నీరసపడుతుంది. రౌటర్ ఉన్న గదిలో దాన్ని వాడుకోండి, దూరానికి 2.4 ఉంచుకోండి.

రౌటర్ ఎక్కడ పెట్టామన్నది అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. మా ఇంట్లో చాలాకాలం అది ఇనుప బీరువా వెనక ఉండేది. ఇనుము, ముఖం చూసుకునే అద్దం వైఫై తరంగాలను వెనక్కి కొడతాయి, నీళ్లు పీల్చేసుకుంటాయి. బీరువా వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, తల ఎత్తున, ఖాళీ చోట పెట్టాక చివరి గదికీ సిగ్నల్ అందింది. కదలకుండా ఒకచోటే ఉండే టీవీకి కేబుల్ వేయండి, ఆ మేరకు గాలిలో మిగతావాళ్లకు చోటు దొరుకుతుంది. సిగ్నల్‌ను దూరానికి అందించే రిపీటర్ అనే పెట్టె కొనమని ఎవరైనా చెబితే తొందరపడకండి. మామూలు రకాలు విన్న మాటనే అదే ఛానెల్‌లో మళ్లీ చెబుతాయి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది.

ముందు ఆ కేబుల్ పరీక్ష చేయండి. కేబుల్‌తో ఎంత వచ్చిందో, వైఫైతో ఏ గదిలో ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పంపండి. మిగతాది వచ్చే ఉత్తరంలో చూద్దాం.

మీ తాతయ్య